అన్ని మచ్చలూ జీడివి కావు

సోంపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ అమ్మగారికి యాభై ఎనిమిదేళ్ళు. నాలుగు నెలలుగా మెడ చుట్టూ, చంకల్లో చర్మం నల్లబడి, మందంగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలాగా తయారయిందట. "షుగరు ఉంటే ఇలా అవుతుందని మందుల షాపతను అన్నాడు. పరీక్ష చేయిస్తే షుగరు లేదు. మరి ఇది దేనివల్ల వచ్చింది? పూయడానికి మంచి ఆయింట్‌మెంటు ఏదైనా చెప్పగలరా?" అని అడిగారు. ఉత్తరం మడిచి కవర్లో పెట్టబోతుంటే గుర్తొచ్చినట్టుంది, అడుగున వేరే సిరాతో ఒక ముక్క చేర్చారు. "అమ్మ ఈమధ్య నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని లేచిపోతోంది."

ఆ ఉత్తరం అందిన రోజే ఆమెకు విడిగా జవాబు రాశాను. పత్రికలో అచ్చయ్యేదాకా ఆగవలసిన సంగతి కాదది. ఏం రాశానో చివర చెబుతాను. ముందు, మెడ మీది నలుపుకూ తినలేకపోవడానికీ సంబంధం ఎక్కడుందో మీకందరికీ తెలియాలి.

నేను ప్రభుత్వ ఉద్యోగంలో చేరి పాతికేళ్ళు దాటింది. అందులో ఎక్కువ భాగం టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాల్లోనే గడిచింది. ఇక్కడ ఒక విచిత్రం గమనించాను. ఒంటిమీద ఏది కనిపించినా దానికి కారణం రోగి దగ్గరే సిద్ధంగా ఉంటుంది. పలాస, కాశీబుగ్గల నుంచి వచ్చినవారయితే "జీడి పొక్కిందండి బాబూ" అంటారు. కవిటి, కంచిలి వైపువారు "కిడ్నీ దురదండి" అంటారు. వజ్రపుకొత్తూరు తీరం వారు ఉప్పుగాలినీ ఎండనూ తిడతారు. బజారులో వ్యాపారం చేసుకునేవారు షుగరు మీదికి తోస్తారు. ఇవేవీ అబద్ధాలు కావు. చాలాసార్లు వాళ్ళు చెప్పిందే నిజమవుతుంది. ఆ అలవాటు మీదనే ఒక్కోసారి రోగీ, డాక్టరూ ఇద్దరూ కలిసి పెద్ద పొరపాటు చేస్తారు.

అలాంటి పొరపాటు నేనే చేశాను. అది చెప్పకుండా మీకు సలహాలివ్వడం న్యాయం కాదు.

జీడి సంగతి ముందుగా రెండు మాటలు. జీడిపిక్క తొక్కలో చిక్కటి, కారంలాంటి నూనె ఉంటుంది. అది చర్మానికి తగిలితే మంట పుడుతుంది, పొక్కులు లేస్తాయి, తోలు నల్లబడి పొరలుగా ఊడుతుంది. బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి, మనం తినే మామిడికాయ సొన, ఈ జీడి నూనె, మూడూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. అందుకే మూడూ పొక్కిస్తాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతివేళ్ళు చూస్తే ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. చేతులకు నూనో, బూడిదో రాసుకుని కూర్చున్నా ఆ రసం ఎక్కడో ఒకచోట తగలక మానదు. అయితే జీడి పొక్కుకు ఒక లక్షణం ఉంది. రసం తగిలినచోటే వస్తుంది. సాధారణంగా చేతులకు, ముంజేతులకు, చెయ్యి పెట్టి తుడుచుకుంటే ముఖానికి. పని మానేసి ఇంట్లో కూర్చుంటే రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మళ్ళీ పనికి వెళితే మళ్ళీ వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నలభై ఏడేళ్ళ ఆవిడ ఒకామె నా ఓపీకి వచ్చింది. జీడి ఫ్యాక్టరీలో పప్పు తొక్క తీసే పని. "గుండె మీద జీడి పొక్కిందండి, దురద" అంది. గుండె అంటే రొమ్ము అని నాకు అర్థమయింది. ఆ రోజు ఓపీలో నూట యాభై మంది దాకా ఉన్నారు. పక్కన నర్సు లేదు, తెర లేదు. ఆమె రవిక విప్పలేదు. నేను విప్పమనలేదు. చీటీ మీద స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు రాసిచ్చాను. పది రోజుల్లో దురద తగ్గిందట. నెల తరువాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే రాసిచ్చాను. ఆ తరువాత ఆమె నా దగ్గరికి రావడం మానేసి, అదే చీటీ పట్టుకుని షాపులో కొనుక్కుంటూ పోయింది.

ఎనిమిది నెలలకు వచ్చినప్పుడు ఆమె వెంట కూతురు ఉంది. ఈసారి పరీక్ష చేశాను. ఎడమ చనుమొన సగం అరిగిపోయి, ఎర్రగా, తడిగా, చెక్కు కట్టి ఉంది. లోపలికి లాక్కుపోతోంది. దాని కింద వేలికి గట్టిగా గడ్డ తగిలింది. చంకలో బిళ్ళ కట్టింది. కుడివైపు చనుమొన శుభ్రంగా ఉంది.

ఈ జబ్బుకు పేజెట్ జబ్బు అని పేరు. 1874లో లండన్‌లో సర్ జేమ్స్ పేజెట్ అనే సర్జన్ సుమారు పదిహేనుమంది స్త్రీలలో దీన్ని చూసి రాశాడు. అందరికీ మొదట చనుమొన మీద తామరలాంటి పుండు వచ్చింది. ఎవరికీ ఏ పూతమందుతోనూ నయం కాలేదు. రెండేళ్ళు తిరగకుండా అందరికీ ఆ రొమ్ములోనే క్యాన్సరు బయటపడింది. నూట యాభై ఏళ్ళ కిందట రాసిన ఈ సంగతి ప్రతి వైద్య విద్యార్థీ చదువుతాడు. నేనూ చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

పేజెట్ జబ్బులో క్యాన్సరు కణాలు పాల నాళాల వెంట పైకి పాకి చనుమొన చర్మంలోకి వస్తాయి. బయటికి అది మామూలు ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. స్టిరాయిడ్ పూస్తే కొన్నాళ్ళు ఎరుపు, దురద తగ్గుతాయి కూడా. మోసమంతా అక్కడే ఉంది. మామూలు ఎగ్జిమా తరచు రెండువైపులా వస్తుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం మీద మొదలవుతుంది. పేజెట్ జబ్బు సాధారణంగా ఒక్కవైపే వస్తుంది, చనుమొన మీదనే మొదలై చుట్టూ పాకుతుంది. పాలిచ్చే తల్లులకు పగుళ్ళు వస్తాయి, అది వేరు. పాలివ్వని స్త్రీకి, ముఖ్యంగా నలభై దాటినవారికి, ఒక చనుమొన మీద పుండు, పొలుసు, చెమ్మ, రక్తపు చుక్క, ఏది వచ్చినా సరే, మూడు వారాల్లో పూర్తిగా మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. మామోగ్రాం తీయించాలి. చేతికి గడ్డ తగలకపోయినా చేయించాలి. గడ్డ తగలని దశలో దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఆమెను విశాఖపట్నం పంపించాం. రొమ్ము తీసేశారు, తరువాత మందులు, కరెంటు వైద్యం. ఆమె బతికి ఉంది. ఎడమ చెయ్యి వాచి ఉంటుంది, పిక్కల పనికి పనికిరాదు. కూతురు ఇప్పుడు ఆ పనికి వెళుతోంది. ఆ ఎనిమిది నెలల లెక్క ఆవిడ నన్నెప్పుడూ అడగలేదు. అప్పటినుంచి నేను మాత్రం ఆడవాళ్ళు రొమ్ము మాట ఎత్తితే నర్సును పిలిచి, తెర వేయించి, చూడకుండా చీటీ రాయడం లేదు. మీరు కూడా అలా చూడమని అడగండి. లేడీ డాక్టరు కావాలంటే అదీ అడగండి. సిగ్గుపడి వెనక్కి వెళ్ళకండి.

ఉద్దానం దురద

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు కొత్తగా చెప్పక్కరలేదు. ఇన్నేళ్ళుగా ఇంతమంది పరిశోధకులు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పట్టుకుపోయినా అసలు కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయింది. ఇంటికొకరు క్రియాటినిన్ అంకె నోటికి చెప్పగలిగే ప్రాంతం ఇది. కిడ్నీలు బాగా చెడినవారికి, డయాలిసిస్ మీద ఉన్నవారికి ఒళ్ళంతా దురద రావడం నిజమే. దానివల్ల ఇక్కడ దురద అంటే కిడ్నీ అనే లెక్క పడిపోయింది.

కవిటి దగ్గర పల్లె నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. 2018లో తిత్లీ తుఫానుకు తోట పడిపోయాక మళ్ళీ మొక్కలు పెట్టి నిలదొక్కుకుంటున్న మనిషి. రెండు నెలలుగా ఒళ్ళంతా దురద. పొక్కు లేదు, దద్దురు లేదు, మచ్చ లేదు. గోళ్ళ గీతలు మాత్రం ఒళ్ళంతా ఉన్నాయి. వీపు మధ్యలో, చెయ్యి అందనిచోట, ఒక్క గీత కూడా లేదు. దీన్నిబట్టి దురద లోపలినుంచి వస్తోందనీ, చర్మం మీది గుర్తులన్నీ గోకుడు వల్ల వచ్చినవేననీ తెలుస్తుంది. ఇంట్లో వాళ్ళంతా కిడ్నీయే అని నిశ్చయించుకుని అతనికి పప్పు మాన్పించేశారు. క్రియాటినిన్ చేయిస్తే 0.9 వచ్చింది. ఆ కాగితం చూసి ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నారట!

నన్నడిగితే అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. కిడ్నీ దురద వచ్చేసరికి సాధారణంగా కిడ్నీలు చాలావరకు చెడి ఉంటాయి. క్రియాటినిన్ మామూలుగా ఉంటే ఈ దురద కిడ్నీది కాదు. కాకపోతే మరి దేనిది? గజ్జి అయితే రాత్రిపూట ఎక్కువ, వేళ్ళ సందుల్లో పొక్కులు, ఇంట్లో నలుగురికీ ఉంటుంది. వయసు మీద పడితే చర్మం ఎండి దురద పుడుతుంది, కొబ్బరినూనె రాస్తే నెమ్మదిస్తుంది. థైరాయిడ్, షుగరు, రక్తంలో ఇనుము తగ్గడం, వాడుతున్న మందులు కూడా కారణాలే. ఎక్కువమందికి వీటిలోనే జవాబు దొరుకుతుంది. ఇవేవీ కానప్పుడు లివరునుంచి పిత్తం దిగే దారిని చూడాలి, రక్తాన్ని చూడాలి, మెడలో చంకలో బిళ్ళలు తడిమి చూడాలి.

ఈయన విషయంలో కోడలు గడుసుపిల్ల. మామగారి కంటి తెల్లగుడ్డు పసుపు తిరిగిందనీ, మూత్రం ఆవనూనె రంగులో వస్తోందనీ, విరోచనం మట్టిరంగుకు మారిందనీ ఆమె కనిపెట్టింది. ఊళ్ళో వాళ్ళు కామెర్లకు పసరు పోయిస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నా దగ్గరికి తీసుకొచ్చింది. కడుపు స్కానింగు చేయిస్తే పిత్తనాళం ఉబ్బి కనిపించింది. విశాఖపట్నంలో మిగతా పరీక్షలు చేసి, ఆ నాళం పేగులో కలిసేచోట చిన్న గడ్డ ఉందని తేల్చారు. క్యాన్సరే. కానీ చిన్నది, చుట్టూ పాకలేదు. పెద్ద ఆపరేషను చేసి తీసేశారు. మొన్న సంక్రాంతికి కొబ్బరి బొండాలు పట్టుకొచ్చాడు.

నొప్పి లేకుండా వచ్చే కామెర్లు, దానితో దురద, తెల్లటి విరోచనం, ఈ మూడూ కలిసి నడివయసు దాటినవారిలో కనిపిస్తే పసరు మందుల కోసం వారాలు పోగొట్టుకోకండి. ఆ వారాల్లోనే ఆపరేషనుకు వీలైన గడ్డ వీలుకానిది కావచ్చు. అందరికీ క్యాన్సరే ఉండదు. నాళంలో రాయి అడ్డుపడినా ఇలాగే జరుగుతుంది. ఏదయినా స్కానింగు తప్పదు.

ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయసువారికి కారణం తెలియని దురదతోపాటు సాయంత్రం జ్వరం, రాత్రి పక్క తడిసేలా చెమట, బరువు తగ్గడం, మెడలో నొప్పిలేని బిళ్ళలు ఉంటే లింఫోమా అనే జబ్బును గుర్తుంచుకోవాలి. దాన్ని తరచు క్షయ అనుకుని మందులు మొదలుపెడతారు. బిళ్ళను తీసి పరీక్ష చేయకుండా తేలదు. సంతోషించవలసిన విషయమేమిటంటే, అందులో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రకం చాలామందిలో పూర్తిగా నయమవుతుంది. ఇంకొంతమందికి స్నానం చేసిన వెంటనే ఒళ్ళంతా విపరీతమైన దురద పుడుతుంది. వాళ్ళకు రక్తకణాలు మితిమీరి పెరిగే జబ్బు ఉందేమో మామూలు రక్తపరీక్షతోనే తెలుస్తుంది.

నోట్లోని తోలు

చర్మమంటే పైకి కనిపించేదే అనుకుంటాం. నోటి లోపలి పొర కూడా దాని చుట్టమే. దీని విషయంలో మన జిల్లా పేరు ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది, ఎక్కకపోతే బాగుండును. అడ్డపొగ గురించి చెబుతున్నాను. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. మన తీరంలో, పొలాల్లో పనిచేసే పెద్దవయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది అని చెబుతారు.

1960లలో బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫలీ మెహతా బృందం, డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ అనే దంతవైద్య శాస్త్రవేత్త కలిసి దేశంలో కొన్ని జిల్లాలను ఎంచుకుని ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్షించారు. వాటిలో శ్రీకాకుళం ఒకటి. మన జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను చూసి 1971లో అచ్చువేసిన నివేదికలో వందకు 43.8 మంది అడ్డపొగ తాగేవారేనని రాశారు. మిగతా ప్రపంచంలో నోటి క్యాన్సరు బుగ్గకో నాలుకకో వస్తుంది. అడ్డపొగ తాగేవారికి నిప్పు తగిలే అంగిలికి వస్తుంది. అది ఒక్కరోజులో రాదు. ముందు అంగిలి తెల్లబారుతుంది, మందమవుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలతాయి, కొన్నిచోట్ల రంగు పోతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు గనుక ఎవరూ చూసుకోరు.

ఆ పరిశోధకులే తరువాత మూడు రాష్ట్రాల్లో 36,000 మంది పొగాకు వాడేవారికి నచ్చచెప్పి మాన్పించే ప్రయత్నం చేశారు. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. మానినవారిలో కొత్తగా తెల్లమచ్చలు రావడం బాగా తగ్గిందని 1986లో ప్రకటించారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, "ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నాను, ఇప్పుడు మానితే ఏం లాభం బాబూ" అనే అమ్మలు నా ఓపీకి రోజూ వస్తారు. లాభం ఉందమ్మా. మచ్చ దశలో ఉన్నప్పుడు మానితే చాలామందికి అది తగ్గుతుంది.

మీ ఇంట్లో అడ్డపొగ తాగే అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఆదివారంనాడు వెలుతురులో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిపించి, సెల్‌ఫోను టార్చితో అంగిలి చూడండి. కట్టుడుపళ్ళు ఉంటే తీయించి చూడండి. పుండుగానీ, గట్టిదనంగానీ, ఎర్రమచ్చగానీ కనిపిస్తే రెండు వారాలకు మించి ఆగవద్దు. ఖైనీ, గుట్కా దట్టించే కుర్రాళ్ళయితే బుగ్గ లోపల, దవడ చివర చూడాలి. నోరు మూడువేళ్ళు పట్టేంత తెరుచుకోకపోతే అదీ జబ్బే. ముప్ఫై దాటినవారికి ప్రభుత్వం తరఫున నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రాథమిక పరీక్ష ఉచితంగా చేస్తారు. మీ ఊరి ఏఎన్ఎమ్మ, ఆశ కార్యకర్త వచ్చినప్పుడు తలుపు వేసుకోకండి.

ఇంకా కొన్ని

అసలు కడుపులోని క్యాన్సరు చర్మం మీద ఎలా కనిపిస్తుంది అని మీకు సందేహం వస్తుంది. కొన్నిసార్లు క్యాన్సరు కణాలే చర్మందాకా పాకుతాయి. కొన్నిసార్లు ఆ గడ్డ రక్తంలోకి వదిలే రసాయనాలు చర్మాన్ని మందంగా పెంచుతాయి. ఇంకొన్నిసార్లు శరీరం క్యాన్సరు మీద చేసే యుద్ధంలో తన చర్మాన్నీ కండరాలనూ తానే గాయపరుచుకుంటుంది. ఈ మూడో రకానికి నేను చూసిన ఉదాహరణ టెక్కలి దగ్గరి ఒక గృహిణి. రెండు కనురెప్పలూ ఊదారంగు తిరిగి ఉబ్బాయి, వేళ్ళ కణుపుల మీద ఎర్రటి పొలుసులు. ఎండ అలర్జీ అన్నారు. నీళ్ళ బిందె నెత్తికెత్తుకోలేకపోతున్నాననీ, పీట మీదనుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందనీ ఆమె చెప్పిన తరువాత గాని అసలు సంగతి తట్టలేదు. డెర్మటోమయోసైటిస్ అంటారు. పెద్దవాళ్ళలో ఇది వస్తే సుమారు అయిదుగురిలో ఒకరికి ఎక్కడో క్యాన్సరు దాగి ఉంటుంది. అండాశయం, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, రొమ్ము అన్నీ వెతకాలి. ఆమెకు వెతికితే ఏమీ దొరకలేదు. మందులతో కోలుకుంది. అయినా మూడేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయించమని చెప్పాం.

బొడ్డులో గట్టిగా కాయలాగా ఏదైనా లేస్తే హెర్నియా అని వదిలేయకండి. అమెరికాలో రోచెస్టర్ ఆసుపత్రిలో డాక్టర్ విలియం మేయోకు సహాయంగా పనిచేసిన సిస్టర్ మేరీ జోసెఫ్ అనే నర్సు, ఆపరేషనుకు ముందు రోగి కడుపు కడుగుతున్నప్పుడు ఈ కాయను గమనించేది. అది ఉన్నవారికి కడుపులో క్యాన్సరు ముదిరి ఉంటోందని ఆమే పెద్ద డాక్టరుకు చెప్పింది. ఇప్పటికీ దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు. ఒళ్ళు కడిగే చేతులకు తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి. ముసలివారికి స్నానం చేయించే కూతుళ్ళు, కోడళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోండి.

కాలిలో ఒకచోట, చేతిలో ఒకచోట రక్తనాళం తాడులా గట్టిపడి, నొప్పిపెట్టి, తగ్గి, మళ్ళీ ఇంకోచోట లేవడం కూడా ఒక హెచ్చరిక. 1865లో ఈ విషయం పాఠం చెప్పిన ఫ్రెంచి డాక్టర్ ట్రూసో, రెండేళ్ళకు తన ఒంట్లోనే ఆ నాళం వాపు చూసుకుని తన జబ్బు తానే చెప్పుకున్నాడు. జీర్ణకోశ క్యాన్సరుతోనే పోయాడు. వయసుతో వచ్చే పులిపిర్లు, నల్లటి ఉబ్బెత్తు మచ్చలు మాత్రం నూటికి ఏ ఒక్కరికో తప్ప దేనికీ సూచన కావు. వాటిని చూసి నిద్ర పాడుచేసుకోకండి. ఉన్నట్టుండి కొద్ది వారాల్లో వందలకొద్దీ లేస్తే మాత్రం ఒకసారి చూపించండి.

ముక్క పరీక్ష అనగానే "కత్తి తగిలితే పాకుతుందట కదా" అని వెనక్కి తగ్గేవారు చాలామంది ఉన్నారు. ఎవరో ఆపరేషను అయ్యాక ఆరు నెలలకు పోయి ఉంటారు, ఆ కథ ఊరంతా తిరుగుతుంది. ముక్క తీసినందువల్ల జబ్బు పాకిపోతుందన్నది ఉత్త భయం. ఆ భయంతో ఆలస్యం చేసిన నెలల్లోనే అది పాకుతుంది. చర్మం మీదనుంచి ముక్క తీయడానికి చిన్న ఇంజెక్షను, ఒకటి రెండు కుట్లు. అదేరోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

టెక్కలి, పలాస ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి పరీక్షలు చేయించుకోండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవైద్యులు ఉంటారు. విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. పూర్వం ఆరోగ్యశ్రీ అన్న పథకాన్నే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. క్యాన్సరు చికిత్సలు అందులో ఉన్నాయి. కార్డు, ఆధార్, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. వాడిన ఆయింట్‌మెంట్ల గొట్టాలు కూడా పట్టుకెళ్ళండి, ఖాళీవయినా సరే. ఏది ఎన్నాళ్ళు పూశారో తెలిస్తే డాక్టరుకు సగం కథ తెలుస్తుంది.

ఇక సోంపేట సోదరి ఉత్తరం సంగతి. మెడ నల్లబడి ముఖమల్‌లా అవడం చాలామందిలో లావు వల్ల, షుగరు రాబోతున్నందువల్ల వస్తుంది. చిన్నవయసులో మొదలై ఏళ్ళతరబడి నెమ్మదిగా పెరుగుతుంది. అలాంటివారు బరువు తగ్గించుకుంటే చాలు. ఆమె పంపిన ఫోటోలో అమ్మగారు సన్నటి మనిషి. నలుపు నాలుగు నెలల్లో వచ్చింది. అరచేతులు కూడా గరుకుగా మందమయ్యాయా, పెదవుల మీద, నోట్లో చిన్నచిన్న కాయలు లేచాయా, రవికలు వదులయ్యాయా అని జవాబులో అడిగాను. వాటికి సమాధానం వచ్చేదాకా ఆగవద్దనీ, పూతమందు ఏదీ కొనవద్దనీ, వెంటనే గొంతులోంచి గొట్టం వేసి చూసే పరీక్ష, అంటే ఎండోస్కోపీ చేయించమనీ రాశాను. నడివయసు దాటిన సన్నటివారిలో ఇలా హఠాత్తుగా వచ్చే నలుపు వెనక అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది జీర్ణకోశ క్యాన్సరు. నాలుగు ముద్దలకే కడుపు నిండడం దానికి తోడయింది. క్యాన్సరు అనే మాట ఉత్తరంలో రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, రాశాను. రాయకపోతే వాళ్ళు పంట నూర్పులు అయ్యాక వెళ్దామనుకోవచ్చు.

పోయిన వారం రెండో ఉత్తరం వచ్చింది. రవికలు రెండుసార్లు కుట్టు బిగించారట. అరచేతులు గరుకుగానే ఉన్నాయట. విశాఖపట్నంలో గొట్టం పరీక్ష అయింది. జీర్ణకోశంలో పుండు కనిపించిందని చెప్పి నాలుగు చోట్ల ముక్కలు తీశారు. ఫలితం ఇంకా చేతికి రాలేదు. అమ్మకు ఏం చెప్పమంటారని అడిగారు. నిజం చెప్పండి, కాస్త కాస్త, ఆవిడ అడిగినంత మేరకు చెప్పండి అని రాశాను. ఒక్కసారిగా తినలేకపోతే రెండు గంటలకోసారి గంజి, మజ్జిగ, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెట్టమని కూడా రాశాను.